గంటసేపు ఫోను

మా పాప ఎనిమిదో తరగతి. మొన్న బళ్లో లైబ్రరీ చూసే టీచరుగారు దీక్ష యాప్ వాడటం, నెట్‌లో పుస్తకాలు వెతుక్కోవడం నేర్పారంట. ఇంటికొచ్చి "అమ్మా, నీ ఫోను గంటసేపు నాకివ్వు" అంది. మా అత్తయ్య వెంటనే "ఆడపిల్లకి ఫోనేందే!" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే.

సరే, పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటా చూశాను. సైన్సు పాఠం దగ్గర నల్లటి గళ్ల చదరం ఉంటుందే, దాని మీద ఫోను పెడితే వీడియో వచ్చింది. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కదా, తెలుగుది నేను చదివి చెప్పాను. పదితో ఆగిపోయిన నేను!

"నీకేం పుస్తకం కావాలమ్మా?" అని అడిగింది. బారిష్టర్ పార్వతీశం అన్నాను. పెళ్లి కుదిరిన హడావుడిలో సగం చదివి బడికి తిరిగిచ్చేసిన పుస్తకం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ప్రతి దొరికింది. అక్షరాలు చిన్నవి, వేళ్లతో సాగదీసి చదువుకోవాలి. పార్వతీశం నిడదవోలులో రైలెక్కి మద్రాసు పోయాడు కదా, అంటే మన సింగరాయకొండ మీదుగానే పోయుంటాడు! పాపకి చెబితే ఒకటే నవ్వు.

"అదేందో పైకి చదవరాదూ" అన్నారు అత్తయ్య.

చదువుతుంటే పాప ఫోను లాక్కుంది. దాని గంట ఇంకా అయిపోలేదంట.