ఆకాశానికి షేర్ ఆటో ఎప్పుడు?

మొన్న టీ టైములో మా టీములో కుర్రాడొకడు, "రాకెట్లు తిరిగొచ్చి దిగుతున్నాయి కదన్నా, ఇంక మనమూ స్పేసుకి వెళ్ళిపోవచ్చు" అన్నాడు.

నాకు 2003 ఫిబ్రవరి 1 గుర్తొచ్చింది. ఆ శనివారం రాత్రి కొలంబియా ముక్కలై రాలిపోవడం టీవీలో చూశాను. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు.

ఆ షటిల్ కూడా మళ్ళీ మళ్ళీ వాడేదే! వారానికోటి ఎగురుతుందని మొదట్లో లెక్కలేసుకున్నారు. తీరా 1981 నుంచి 2011 దాకా ఎగిరింది 135 సార్లు. దిగిన ప్రతిసారీ వేల టైల్స్‌నీ, ఇంజిన్లనీ మనుషులు ఒక్కొక్కటిగా చూసుకోవాల్సొచ్చేది. మన భాషలో, కోడ్ రీయూజే గానీ ప్రతి రిలీజుకీ మాన్యువల్ టెస్టింగ్.

ఫాల్కన్ 9 సంగతి వేరు. కింది దశ దిగొస్తుంది, పై దశ ప్రతిసారీ కొత్తది. 2024లో ఫాల్కన్లు 130కి పైగా ఎగిరాయి. అంటే అన్ని పై దశలూ ఫ్యాక్టరీలో వరసగా తయారైనట్టే. ఉపగ్రహాలు పంపడం చవకైంది ఇలాగే.

మరి మనిషి సీటో? 2001లో డెన్నిస్ టిటో దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టాడన్నారు. 2022లో ఆక్సియమ్ ప్రయాణికులు తలా 5.5 కోట్లన్నారు. తగ్గకపోగా పెరిగింది! మనుషుల్ని మోసే డ్రాగన్లు చేసినవి ఐదే మరి. ఖర్చంతా ఆ నాలుగు సీట్ల మీదే పడుతుంది.

నేను చెప్పొచ్చేదేమిటంటే, తిరిగి వాడితే చాలదు, బోలెడు చెయ్యాలి, బోలెడుసార్లు ఎగరాలి. ఎక్కడ విరుగుతుందో తెలిసేదీ అప్పుడే. 135 ట్రిప్పుల్లో రెండుసార్లు అందరూ పోయిన బస్సులో, టికెట్ ఫ్రీ అన్నా మా పాపని ఎక్కించను. మీరు ఎక్కిస్తారా?