గూడు విడిచే వేళ

పెరట్లో తేనెపెట్టె పెట్టుకున్నవారికి ఏటా ఒక బెంగ తప్పదు: ఈగలు ఉంటాయా, పోతాయా? "అయ్యగారూ, మా ఈగలు ఎగిరిపోయాయి" అని మా సంఘస్థులు వచ్చి చెప్పినప్పుడల్లా నేను ఒకటే అడుగుతాను: "గూటిలో ఏమైనా మిగిల్చి వెళ్ళాయా?"

మనం పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగ రెండు కారణాల వల్ల గూడు విడుస్తుంది. మొదటిది ఆకలి. తిండి లేకపోయినా, చీమలో మైనపు పురుగులో పీడించినా గుంపంతా వలసపోతుంది. వెనుక ఉత్త పట్టులే మిగులుతాయి. రెండవది సమృద్ధి. ఈగలు పెరిగి చోటు చాలక సగం గుంపు వేరుపడుతుంది. మిగతా సగం గూటిలోనే ఉంటుంది.

లోపల ఏం జరుగుతున్నదో మనం చూడగలగడం ఇద్దరు దైవసేవకుల చలవ. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు 1851లో ఒక సంగతి గ్రహించారు. సుమారు 3/8 అంగుళం సందు విడిచిపెడితే ఈగలు దానిని మైనంతో పూడ్చవు. అందువల్లనే పట్టు తెగకుండా చట్రాన్ని పైకి తీయగలుగుతున్నాము. దక్షిణ భారతంలో 1911-17 మధ్య ఫాదర్ న్యూటన్ గ్రామస్థులకు తేనెటీగల పెంపకం నేర్పి, మన చిన్న ఈగకు తగిన పెట్టెను తయారుచేశారు. దానిని నేటికీ న్యూటన్ పెట్టె అనే అంటారు.

వానలు, చలి గడిచేసరికి నిల్వలు తగ్గుతాయి. చట్రం ఎత్తితే తేలికగా ఉంటే మేత పెట్టాలి. పంచదార, నీళ్ళు సమాన తూకంలో కలిపి కాచి, చల్లార్చి, చిన్న గిన్నెలో పోసి పెట్టె లోపలే ఉంచాలి. ఈగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేయాలి. పొద్దుగూకాక పెట్టాలి, చుక్క కూడా బయట ఒలకకూడదు. ఒలికితే పక్క గూళ్ళ ఈగలు దోపిడికి వస్తాయి. బెల్లం పానకం వద్దు, వాటికి విరేచనాలు పట్టుకుంటాయి. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడితే చీమలు ఎక్కవు. వేప, కానుగ పూతకు రాగానే మేత ఆపేయాలి. లేకపోతే పై అరలో చేరేది పంచదార పాకమే. దానిని తేనె అని అమ్మడం మోసం.

పూత మొదలైనప్పటి నుండి వారానికొకసారి పట్టు అడుగు అంచులు చూడాలి. అక్కడ వేరుశెనగ కాయలా వేలాడే గదులే రాణి గదులు. వాటికి మూత పడిందంటే గుంపు కొద్ది రోజుల్లో లేస్తుంది. అంతకుముందే పాత రాణిని, పిల్లలున్న రెండు మూడు పట్టులను ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చి, పాత పెట్టెలో ఒక మంచి రాణి గదిని ఉంచితే ఒక గూడు రెండవుతుంది. ఒకవేళ లేచి కొమ్మకు పట్టినా భయపడనక్కరలేదు. కడుపునిండా తేనె తాగి బయలుదేరిన గుంపు సాధారణంగా కుట్టదు. సాయంత్రం ఖాళీ పెట్టెలోకి దింపి, వాకిట్లో రాణి దాటలేని జాలీ నాలుగు రోజులు పెడితే సరి.

ఒక వేసవిలో నేను ఈ పని చేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చూస్తున్నది. మా తమ్ముడు వేరు కాపురం పెడతానన్న రోజులవి. "ఏం తక్కువ చేశాను వాడికి?" అని అమ్మ అన్నం సరిగా తినేది కాదు.

"కొత్త రాణి ఎటు పోతుంది నాయనా?" అన్నది.

"కొత్త రాణి పోదమ్మా. పాత రాణే వెళ్తుంది. కట్టిన గూడు, దాచిన తేనె కూతురికి వదిలి, పొట్టలో పట్టినంత తేనెతో వెళ్తాయి."

అమ్మ ఏమీ అనలేదు. పదిరోజుల తరువాత తానే తమ్ముడిని పిలిచి, "ఇల్లు మీకుండనీరా, నేను అన్న దగ్గర ఉంటాను" అన్నది. ఆమెను ఎవరూ వెళ్ళగొట్టలేదు. బియ్యం డ్రమ్ము నింపి, ఆవకాయ జాడీలు కోడలికి అప్పగించి, రెండు చీరలు, తన బైబిలు తీసుకుని వచ్చింది.

అందరూ అలాగే చేయాలని నేను చెప్పను. అయితే ఇంట్లోంచి ఎవరైనా బయలుదేరినప్పుడు ఏడ్చే ముందు చట్రం ఎత్తి చూడండి. ఆకలితో వెళ్తుంటే, అది అన్నపు ఆకలి గానీ ఆదరణ ఆకలి గానీ, అదే రోజు తీర్చండి. నిండి వెళ్తుంటే కొత్త పెట్టె సిద్ధం చేయండి.