కవివాక్కునకు వెల

గడచిన మాఘమాసమున మా యింట నొక చర్చ జరిగినది. ఒంగోలు ప్రాంతమున మిరపవర్తకము చేసి గడించిన యొక గృహస్థు తన కుమారుని వివాహమునకు పంచరత్నములు వ్రాసి యిమ్మని మావారిని కోరెను. మావారు పాఠశాలలో తెలుగు చెప్పుదురు. పెండ్లి పద్యములు వ్రాయుట వారికి క్రొత్తగాదు. కాని వధూవరులకు రెండు పద్యములు చాలుననియు, తక్కిన మూడింట తన దాతృత్వమును వర్ణించి తన్ను కర్ణునితో పోల్చవలెననియు నాయన చెప్పెను. పదివేల రూపాయలు సంభావన యిత్తు ననెను. ఆ మాసముననే మా అమ్మాయి కళాశాల రుసుము కట్టవలసి యుండెను.

దాచనేల? "వ్రాసి యిండు, పద్యమున కేమి పోవును?" అని మొదట మేమే యంటిమి. మావారు నవ్వి, "తూకములో నష్టపడిన రైతులు ఆ పందిటిలోనే కూర్చుండి విందురు గదా!" అనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చిన్ననాడు మా నాయనగారు భారతము చదివించుచు చెప్పిన కవుల కథలన్నియు మనసునకు వచ్చినవి.

మాకు దాపున నున్న అద్దంకిలో 848 నాటి శాసన మొకటి దొరకినది. పండరంగడను సేనాని విజయములను తరువోజ పద్యమున చెప్పి, అతడు చేసిన భూదానమును అందు చెక్కించిరి. 1053 నాటి నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టు. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు గ్రామ మిచ్చిన సంగతి యందున్నది. కనుక నాటి కవి వాక్కు వినోదమునకే కాక సాక్ష్యమునకును పనికివచ్చెడిది. రాజు చేసిన పనిని ముందుతరములు నమ్మునట్లు చెప్పగలవాడు కవి. అందుచేతనే రాజులు కవులకు అగ్రహారము లిచ్చిరి.

నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము కోల్పోయినపుడు తిక్కన ఓరుగంటికి పోయి, గణపతిదేవుని కొలువులో భారతార్థము వినిపించి, సాయము సంపాదించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పును. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన అద్దంకి ప్రభువగు ప్రోలయవేమారెడ్డికి హరివంశము నంకిత మిచ్చెను. కవి మెచ్చుకోలు నెంత కోరిరో అలుకకు నంత జంకిరి. వేములవాడ భీమకవిని విందునకు రానీయకపోగా అతడు తిట్టిన తిట్టుకు అన్నము సున్నమయ్యెనని నేటికిని చెప్పుకొందురు.

ఇది మన దేశపు నమ్మకమే యనుకొనుచుంటిమి. మావారి అలమారలోని యొక పుస్తకమువలన ఐర్లాండు సంగతి తెలిసినది. మధ్యయుగములలో అచ్చటి కవులను 'ఫిలి' యనెడివారు. వారిలో ఏడు తరగతులు. అందు మొదటివాడగు 'ఒల్లవ్' నవమానించినవాడు చిన్నరాజు నవమానించినంత పరిహారము చెల్లింపవలెను. ఆ పదవికై పండ్రెండేండ్లు చదువవలెను. కవి నిందించిన రాజు నలుగురిలో తలయెత్తలేడు. అయితే అకారణముగా నిందించిన కవియు పరిహార మీయవలెనని వారి ధర్మశాస్త్రములలో నుండుట మాకు మిక్కిలి నచ్చినది. మాటకు బలమిచ్చినవారు దానికి పూచీ కూడ నడిగిరి.

కాని యా గౌరవము ప్రభువులతోడనే పోయినది. 1607లో ఉత్తర ఐర్లాండు ప్రభువులు దేశము విడిచి పోయిన పిదప అచ్చటి కవులకు పోషణ కరవయ్యెను. మన శ్రీనాథుడు కొండవీట విద్యాధికారి; విజయనగరమున కనకాభిషేకము పొందినవాడు. రెడ్డిరాజ్యము పోయిన పిదప బొడ్డుపల్లెలో గుత్తకు తీసికొన్న పొలము కృష్ణ వరద పాలయ్యెననియు, పన్ను కట్టలేక శిక్ష పడెననియు నతని పేరిట నున్న చాటుపద్యము చెప్పుచున్నది. ఆ దినమున నతని గృహిణి పొయ్యిమీద నేమి పెట్టెనో యే కావ్యమును చెప్పదు. కనుకనే కూటికై పొగడిన కవులను మేము తేలికగా నిందింపలేము.

తెల్లవారి కాఫీ యిచ్చుచు మావారితో, "ఆయన చేసిన మంచి యేదైన నున్నచో అది మాత్రము వ్రాయుడు" అంటిమి. వారు కొంతసేపు ఆలోచించి, "క్రిందటి వేసవిలో బస్సులు నిలుచుచోట రెండు నెలలు చలివేంద్రము పెట్టించెను" అనిరి. నాలుగు పద్యములు వధూవరులకును, ఒకటి యా చలివేంద్రమునకును వ్రాసిరి. కర్ణుడు రాలేదు. ఆ గృహస్థు చదివి ముఖము చిట్లించి, అయిదువేలు మాత్రమే చేతిలో పెట్టెను. తక్కిన రుసుమునకు మా గొలుసు కుదువ పెట్టితిమి.

పెండ్లిపందిటిలో ఆ పద్యము చదువుచుండగా మా వెనుక వరుసలోని యొక ముసలి రైతు, "అవునవును, ఆ నీళ్లు నేనూ తాగాను" అనెను. ప్రక్కవారును తలయూపిరి. పెండ్లికొడుకు తండ్రి వెనుదిరిగి యా రైతువైపు చూచెను. ఆయన ముఖమున చిరునవ్వు మొలచుట మేము కన్నులార కంటిమి.

గొలుసు ఇంకను ఇంటికి రాలేదు. ఈ నెల వడ్డీ కట్టి వచ్చిన మావారు మరియొక పెండ్లివారు పద్యములకు కబురు పంపిరని చెప్పిరి. "వారు చేసిన మంచి యేమో ముందు కనుగొని రండు" అంటిమి.