తుని తగవు

"రెండెందుకండీ డాక్టరు గారూ? ఇప్పుడే కదా వచ్చింది. ముందు ఒకటి వేసుకుని చూస్తానండి."

కొత్తగా సుగరు బయటపడిన ఎవరికి రెండు మందులు రాసినా ఇదే బేరం. చెరి సగం చేసి పంపేసే తీర్పును తుని తగవు అంటారు. ఆ మాటకీ మా తుని ఊరికీ ఉన్న చుట్టరికం పండితులు తేల్చాలి గానీ, నా చీటీ మీద ఆ తీర్పు రోజూ జరుగుతూనే ఉంటుంది.

తమలపాకుల వ్యాపారి ఒకాయన తాండవ అవతల పాయకరావుపేట నుంచి వచ్చాడు. నలభై రెండేళ్ళు. సుగరు మూడు నెలల సగటు 7.4. మెట్‌ఫార్మిన్, విల్డాగ్లిప్టిన్ కలిపి రాశాను. మొదటిది కాలేయం వదిలే చక్కెరకు అడ్డం పడుతుంది. రెండోది తిన్న తర్వాత ఇన్సులిన్‌ను ఊరించే హార్మోన్లు త్వరగా కరిగిపోకుండా చూస్తుంది. 2019 డిసెంబరులో పేటెంటు తీరి దాని ధర బాగా పడిపోయింది కాబట్టి డబ్బు వంక కూడా లేదు. అయినా వాళ్ళ వీధి ఆర్ఎంపీ, "రెండోది ముదిరాక వేసుకుందురు లెండి" అన్నాడట. ఈయనకు ఆ మాట తియ్యగా ఉంది. సుగరు రోగికి తియ్యటి మాట కూడా పథ్యం కాదని ఎవరు చెప్పాలి?

ముదరడానికి ఇంకేముంది? సుగరు బయటపడేనాటికే క్లోమంలో ఇన్సులిన్ చేసే శక్తి దాదాపు సగం పోయి ఉంటుందని, 1998లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం లెక్కగట్టింది. ఇక 2019లో, 34 దేశాల్లో రెండు వేల మందిని అయిదేళ్ళు గమనించిన పరిశోధన వచ్చింది. ఒక్క మందుతో మొదలుపెట్టినవాళ్ళలో నూటికి 62 మందికి సుగరు మళ్ళీ కట్టు తప్పింది. మొదటి నుంచీ రెండూ వాడినవాళ్ళలో 44 మందికే.

ఆ వ్యాపారి ఒక్క మందే వేసుకున్నాడు. ఏడాదిపాటు అంకెలు బాగానే ఉన్నాయట, రావడం మానేశాడు. నాలుగేళ్ళ తర్వాత వచ్చాడు. "చెప్పు జారిపోయినా తెలవట్లేదండీ." సగటు 9.8.

కోపం ఆగలేదు. "ఆకు వాడిపోయాక నీళ్ళు చల్లుతారా మీరు?"

ఆయన నెమ్మదిగా అన్నాడు: "ఆ మాట ఆ రోజే చెప్పుంటే అర్థమయ్యేదండీ."

ఆ రోజు బయట పాతికమంది ఉన్నారు. చీటీ రాసి ఇచ్చాను, అంతే. ఆ మాటకొస్తే, ఒక మందు ఇచ్చి, అది ఓడిపోయేదాకా కూర్చుని, అప్పుడు రెండోది అందుకోవడం నేనూ ఏళ్ళ తరబడి చేసిన వైద్యమే. మొదటే రెండూ వేసుకుని ఉంటే ఆయన పాదాల్లో స్పర్శ నిలిచేదని ప్రమాణం చెయ్యలేను. ఆ పరిశోధనా అంత మాట చెప్పలేదు. కానీ చేతిలో ఉన్న నాలుగేళ్ళు సగం బేరానికి పోయాయి.

మొన్న తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. కొత్త సుగరే. తమ్ముడు "రెండెందుకండీ..." అనబోతే, "నోరు మూసుకుని వేసుకోరా" అని కసిరాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"డాక్టరు గారూ, రేపు అన్నవరంలో వ్రతమండీ. ప్రసాదం పొట్లం... పోనీ, సగం తినొచ్చాండీ?"