సూత్రాలతో కట్టిన యంత్రం

నా ధర్మపత్ని స్వర్గస్థురాలు కాకముందు ఓపికగా టైపు చేసిన పెళ్ళిపాటలన్నీ యూనికోడుకు పూర్వపు ఖతిలో ఉన్నాయి. మా ఇంట ఆ ఖతిని సరిగా చూపేది విండోస్ ఎక్స్‌పీ ఒక్కటే. దానికి మైక్రోసాఫ్టు వారి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అందుచేత దానిని వర్చువల్‌బాక్స్‌లో, కంప్యూటరులో మరొక కంప్యూటరుగా బతికించుకొన్నాను.

మౌసుతో నొక్కి కట్టిన ఆ యంత్రాన్ని నా తొందరపాటుతో రెండుసార్లు చెడగొట్టుకొన్నాను. రెండుసార్లూ ఎక్కడ ఏమి ఎంచానో జ్ఞాపకం లేదు.

"తాతయ్యా, నొక్కింది మరచిపోతావు. రాసింది ఉంటుంది" అన్నాడు మనవడు.

రాశాను. వీబాక్స్‌మేనేజ్ ఆజ్ఞలు ఐదు. మొదటిది యంత్రానికి పేరు పెడుతుంది. రెండవది 512 మెగాబైట్ల మెమరీ ఇచ్చి నెట్టు తీగ తెంపుతుంది. మూడవది భద్రపరచిన డిస్కుకు నకలు తీస్తుంది. నాలుగవది ఐడీఈ కంట్రోలరును అమరుస్తుంది. సాటా ఎక్స్‌పీకి తనంతట తెలియదు. ఐదవది నకలును దానికి తగిలిస్తుంది. పేరు పైన ఒక్కసారి చెబితే చాలు, కింది పంక్తులన్నిటికీ వస్తుంది. వ్యాకరణంలో మేము చెప్పుకొనే అనువృత్తి ఇదే గదా!

తొలి ప్రయత్నంలో "రిజిస్టర్" అన్న మాట విడిచాను. అటువంటి యంత్రమే లేదని రెండవ పంక్తి మొరాయించింది. పుట్టినా పట్టీలో పేరెక్కని బిడ్డ!

మొన్న ధైర్యం చేసి యంత్రాన్ని నేనే చెరిపివేసి, ఆజ్ఞలతో తిరిగి కట్టాను. పాటలు తెరుచుకొన్నాయి. అప్పగింతల పాటలో ఆమె అచ్చుతప్పు అలాగే ఉంది. దిద్దబుద్ధి కాలేదు.

మీ పాత రాతలతో పాటు వాటిని తెరిచే యంత్రాన్ని కట్టే తీరు కూడా రాసి దాచుకోండి.