చెవి దగ్గర ఎరుపైనా, పసుపైనా

పోయిన వేసవిలో మా గుడ్లవల్లేరులో పొరుగింటి తల్లి నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చింది. రెండు రోజులుగా జ్వరం, విరేచనాలు. తాగే నీరు, గుడ్లు, బయటి తిండి గురించి అడిగాను. విరేచనంలో రక్తపు చారలున్నాయని తెలిసి, ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ వెంటనే పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్లమన్నాను. మల పరీక్షలో సాల్మొనెల్లా బయటపడింది. పిల్లవాడు కోలుకున్నాక చూడబోతే, వరండాలో గాజు తొట్టె, అందులో రెండు బుల్లి తాబేళ్లు కనిపించాయి. నేను అడగడం మరచిన ప్రశ్న అదే.

"తాతయ్యా, ఇవి రెండూ ఒకటేనా? దీనికొక్కదానికే చెవి దగ్గర ఎర్రగా ఉందేం?" అన్నాడు వాడి అన్న.

జాతి ఒకటే, ఉపజాతులు వేరు. రెండూ అమెరికావే. కంటి వెనుక ఎర్రని పట్టీ ఉన్నది రెడ్ ఈయర్డ్ స్లైడర్. దాని పొట్టకింది చిప్పనిండా నల్లమచ్చలుంటాయి. కంటి వెనుక పసుపు మచ్చ ఉన్నది యెల్లో బెల్లీడ్ స్లైడర్. దాని పొట్ట పసుపుగా ఉండి, మచ్చలు ముందువైపే కొద్దిగా ఉంటాయి. ఈ రెండూ జతకట్టి పిల్లలను పెడతాయి. వయసు పెరిగేకొద్దీ రంగులూ మాసిపోతాయి. అప్పుడు పోల్చుకోవడం కష్టం.

నల్లని డొప్పపై పసుపు చారలు చుక్కల్లా విచ్చుకొని, ఏనుగు పాదాల వంటి కాళ్లున్నది మన నక్షత్ర తాబేలు. అది నేలమీద బతుకుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంట్లో పెంచడం నేరం.

అయితే రోగం విషయంలో ఈ తేడాలేవీ పనికిరావు. ఏ తాబేలైనా ఆరోగ్యంగా కనబడుతూనే పేగుల్లో సాల్మొనెల్లాను మోయగలదు. అది మలంతో నీటిలోకి, డొప్పమీదికి, మన చేతులకు చేరుతుంది. పిల్లలు నోట పెట్టుకుంటారనే అమెరికాలో 1975లో నాలుగంగుళాలలోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. మా పొరుగింటి బిడ్డకు ఆ తాబేళ్ల నుంచే సోకిందని పరీక్షతో రుజువు కాలేదు. కాని ఆ తల్లి తొట్టెను వంటింటి సింకులోనే కడిగేది.

అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో తాబేళ్లు వద్దు. ఉంటే, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టెను వంటింట్లోకి తేకూడదు. వద్దనుకున్నా స్లైడర్లను కాలువలో వదలరాదు. అవి మన తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ వస్తాయి. చిన్నపిల్లలు లేని, శ్రద్ధగల వారికి అప్పగించాలి. ఆ ఇంటివారు అలాగే చేశారు.

నేనూ ఒకటి మార్చుకున్నాను. విరేచనాలతో ఎవరు వచ్చినా, నీళ్లూ తిండీ అడిగాక, "ఇంట్లో తాబేలు ఉందామ్మా?" అని కూడా అడుగుతున్నాను.