తెల్లవారినా దిగని మేతసంచి

మీ పెరట్లో కోళ్లున్నాయా? అయితే రేపు ఉదయం గంప ఎత్తగానే, మేత చల్లక ముందే, ఒక్కొక్క పెట్టను పట్టుకొని దాని మెడ మొదట్లో, రొమ్ముకు కాస్త పైన, కుడివైపున మెల్లగా తడిమి చూడండి. అక్కడ పలుచని సంచి వంటిదొకటి ఉంటుంది. వైద్యులు దానిని క్రాప్ అంటారు. నేను మేతసంచి అంటాను. కోడికి పళ్లు లేవు కదా! ఏరుకున్న గింజలు ముందుగా ఈ సంచిలో చేరి నాని, కొద్దికొద్దిగా జఠరంలోకి, అక్కడినుంచి కందనకాయలోకి దిగుతాయి. సాయంత్రానికి ఉబ్బిన సంచి రాత్రంతా ఖాళీ అవుతూ తెల్లవారేసరికి చదునుగా ఉండాలి. ఉదయం కూడా నిండుగానే ఉన్నదంటే ఏదో తేడా వచ్చినట్లే.

జీవితమంతా మనుషుల నాడి చూసిన నేను, పదవీ విరమణ తరువాత ఐదు నాటుకోళ్లను పెంచుతున్నాను. పోయిన వానాకాలంలో వాటిలో ఒక ఎర్ర పెట్ట మేత మానివేసి, మాటిమాటికీ మెడ సాచుతూ, రెక్కలు వాల్చి ఒక మూల నిలబడిపోయింది. తడిమితే గట్టి పిండిముద్ద వంటిది చేతికి తగిలింది. అదే సమయానికి పొరుగింటి పెద్దావిడ వచ్చి, "డాక్టరు గారూ, మా మనవడికి రాసిన అమాక్సిసిలిన్ మాత్రలు మిగిలాయి. ఒక ముక్క నూరి పోద్దామా?" అని ఆప్యాయంగా అడిగారు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. ఎందుకంటే మన ఇళ్లలో ఎన్నోచోట్ల ఈ పని అడగకుండానే జరిగిపోతున్నది.

మేతసంచి జబ్బు ముఖ్యంగా రెండు రకాలు. పొడుగాటి గడ్డిపోచలు, ఎండుగడ్డి, దారాలు ఉండచుట్టుకొని అడ్డుపడితే సంచి గట్టిపడుతుంది. దారపు ఉండను ఏ యాంటీబయాటిక్ కరిగించగలదు చెప్పండి? రెండవ రకంలో సంచి నీళ్లు నింపిన బుడగలా మెత్తగా ఉంటుంది. ముక్కు తెరిస్తే పులిసిన కంపు కొడుతుంది. ఇది చాలాసార్లు కాండిడా అనే శిలీంధ్రం పని. పసిపిల్లల నాలుక మీద తెల్లగా పేరుకొనే నోటిపూతకు కారణం కూడా ఈ జాతిదే. యాంటీబయాటిక్ శిలీంధ్రాన్ని చంపదు సరికదా, దానిని అదుపులో ఉంచే మంచి బాక్టీరియాను చంపి జబ్బును పెంచుతుంది. పైగా ఆ మందు శేషం గుడ్డులో చేరి, మళ్లీ ఆ మనవడి పళ్లెంలోకే రావచ్చు. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఇలాగే బలపడతాయి. మనుషులకు చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా మన కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది ఈ భయంతోనే.

మా పెట్టను వేరుచేసి, గింజలు ఆపి, నీళ్లు మాత్రం ఉంచాను. ముక్కు అంచున నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి, రోజుకు మూడు నాలుగుసార్లు సంచిని వేళ్లతో మెత్తగా మర్దన చేశాను. కొందరు కోడిని తలకిందులు చేసి సంచిని పిండుతారు. దయచేసి అలా చేయకండి. శ్వాసనాళపు ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది. పైకి వచ్చిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే కోడి మీ చేతుల్లోనే ప్రాణం విడుస్తుంది. మెత్తని రకానికి నూనె, మర్దన పనికిరావు. శిలీంధ్రానికి మందు పశువైద్యులే ఇవ్వాలి.

మరునాటికీ ముద్ద కరగలేదు. పశువైద్యశాలకు తీసుకువెళ్లాను. అక్కడి వైద్యుడు మత్తు ఇచ్చి, సంచిని చిన్నగా కోసి, కుళ్లిన గడ్డితో పాటు జానెడు నైలాన్ దారం బయటకు తీశాడు. బియ్యం బస్తా కుట్టు విప్పి మనం పారవేసే దారమే అది! ఇంట్లో బ్లేడుతో ఈ సాహసం చేసేవారున్నారని విన్నాను; అది వైద్యం కాదు, హింస. వాహనం లేనివారు 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య సేవల గురించి అడగండి.

ఒక మాట మరువకండి. సంచి దిగకపోవడం ఒక్కొక్కసారి వేరే జబ్బుకు లక్షణం మాత్రమే. కడుపులో పురుగులు ఉండవచ్చు; 1907లో హంగేరీ పశువైద్యుడు మారెక్ వర్ణించిన, నరాలను దెబ్బతీసే వ్యాధి కావచ్చు. మెడ మెలితిరగడం, ఆకుపచ్చని రెట్ట, ఆయాసం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. కోళ్లు ఒక్కసారిగా వరుసగా చనిపోతుంటే కోయకండి, వండకండి, ముట్టకండి. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలపండి. ఆరోగ్యంగా కనిపించే కోడి రెట్టలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు కనుక, కోడిని తడిమిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఎర్ర పెట్టకు వారం పాటు నానబెట్టిన మెత్తని దాణాయే పెట్టాము. కోత మానడానికి పశువైద్యుడు తానే కోడికి తగిన మోతాదులో యాంటీబయాటిక్ ఇచ్చి, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో చీటీ మీద రాశాడు. ఆ గడువు ముగిసేదాకా అది పెట్టిన గుడ్లను పెరట్లో గొయ్యి తీసి పూడ్చాము. మీరు కూడా ఆ గడువు ఎంతో అడిగి రాయించుకోండి.